నలభై ఏడో షీటు

ఆఫీసులో అందరూ ఆయన్ని సన్నగీత అనేవాళ్ళు. వెనకాల మాత్రమే. ఎదురుపడితే పెద్ద గుమస్తా దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆయన బాబాయే. మనిషి కూడా సన్నమే. నడుస్తుంటే చొక్కా ఒక్కటే నడుస్తున్నట్టుండేది.

ముప్పై అయిదేళ్ళ కిందట కాలువల శాఖలో ట్రేసరుగా చేరాడు. ఆ పని ఇప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పాలి. ఇంజనీర్లు కాగితం మీద గీసిన పటం మీద, వెలుగు దూరే పల్చటి గుడ్డ ఒకటి పరుస్తారు. కింద కనబడే ప్రతి గీతనీ సిరాతో ఆ గుడ్డ మీదకి ఎక్కించాలి. సొంతంగా ఒక్క చుక్క పెట్టకూడదు. మనిషన్నవాడు జీవితమంతా ఇంకొకరి గీత మీద గీత గీస్తూ గడపడమేమిటని మొదట్లో నాకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకి కోపమొచ్చేది. ట్రేసర్ల కాలం పోయాక మిగతావాళ్ళు రిటైరయ్యారు, కొందరు పోయారు. ఈయన్ని మాత్రం రికార్డు రూములో కూర్చోబెట్టి, తాళాలగుత్తి చేతికిచ్చి, పటాలకి కాపలా పెట్టారు.

నేను ఆ గదిలోకి స్కానరుతో పాటు వచ్చాను. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. శాఖలో ఉన్న పాత పటాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పని ఒక కంపెనీకి దొరికింది, కంపెనీకి నేను దొరికాను. పదో తరగతితో బడి మానేసి, పాత పుస్తకాల కొట్లో నిలబడి చదువుకున్నవాణ్ణి. అన్నీ తెలుసనే పొగరూ, ఏదీ చేతికి రాలేదనే మంటా సమానంగా ఉండేవి. మొదటిరోజే ఆయనతో అన్నాను.

"బాబాయ్, మీరు ముప్పై అయిదేళ్ళు చేసిన పని ఈ మిషను ముప్పై అయిదు సెకన్లలో చేస్తుంది."

ఆయన స్కానరు మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు. "చేస్తుంది. చేసింది తప్పైతే దీని చెవి ఎవరు మెలేస్తారు?" అని మూత వేసేశాడు.

ఆ గదిలో పన్నెండు ఇనప బీరువాలు, ఒక్కోదానికి మంచమంత వెడల్పు సొరుగులు. కలరా ఉండల వాసన. పైన ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఎవరో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. కిటికీ అవతల అసలు కాలువ పారుతుంటుంది గానీ అద్దాలకి పట్టిన దుమ్ములోంచి కనబడదు. కాలువ చూడాలంటే సొరుగు తియ్యాలి.

ప్రతి షీటుకీ కింద కుడి మూల చిన్న పెట్టె గీసి ఉంటుంది. అందులో మూడు గడులు: గీసినవారు, సరిచూసినవారు, దిద్దుబాట్లు. ఆ శాఖలో ఒక గట్టి రూలుంది. షీటు మీద తప్పు దొర్లితే గీసినవాడే దిద్దాలి, దిద్ది మూడో గడిలో సంతకం పెట్టాలి, పై ఇంజనీరు పక్కన సంతకం చెయ్యాలి. వేరే ఎవడు వేలు పెట్టినా షీటు చెల్లదు. గీసినవాడు ఉద్యోగంలో లేకపోతే ఇక ఆ తప్పు తప్పు కాదు, అదే ఒప్పు.

మిగతా ట్రేసర్ల షీట్లలో మూడో గడి చీమలు పాకినట్టుండేది. సన్నగీత షీట్లలో అది శుభ్రంగా ఖాళీ. ఆరువందల పన్నెండు షీట్లు, ఒక్క దిద్దుబాటు లేదు. కొత్త ఇంజనీరు ఎవరొచ్చినా పెద్ద గుమస్తా ఆయన్ని చూపించి ఆ అంకె చెప్పేవాడు. అప్పుడు బాబాయి తలొంచుకుని తాళాలగుత్తిలో ఏదో తాళం వెతుక్కునేవాడు. అణకువ అనుకునేవాణ్ణి.

నలభై ఏడో షీటు వంతు వచ్చిన రోజు నాకు గుర్తుంది. మామూలుగా ఒక్కో షీటునీ ఆయనే సొరుగులోంచి తీసి, చంటిపిల్లని అందించినట్టు రెండు చేతుల మీద తెచ్చి, స్కానరు మీద పరిచేవాడు. నేను మీట నొక్కేదాకా పక్కనే నిలబడేవాడు. ఆ రోజు మాత్రం షీటు బల్ల మీద పడేసి, "టీ తాగొస్తా" అని వెళ్ళిపోయాడు. టీ మానేసి ఆరేళ్ళయిందని అంతకు వారం ముందే నాతో చెప్పిన మనిషి. నేను పట్టించుకోలేదు. షీటు పరిచాను, మీట నొక్కాను.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా తలుపు మీద ఎర్రరంగుతో పెద్ద సున్నా, అందులో తొమ్మిది అంకె.

మాది కాలువ గట్టుకి వీపు పెట్టి కట్టిన వీధి. ఇరవై రెండు ఇళ్ళు. మాది తొమ్మిదోది. మా నాన్న హద్దురాళ్ళు చూపించుకుని, శాఖవాళ్ళ చేత కాగితం రాయించుకుని, పదకొండేళ్ళ పాటు కొంచెం కొంచెంగా లేపిన ఇల్లు. ఆయన పోయాక అమ్మ కుట్టుమిషను మీద ఆ ఇంటిని నిలబెట్టింది. గట్టు మీద రోడ్డు వేసినప్పుడు హద్దురాళ్ళు కంకరలో కలిసిపోయాయి.

"కాలువ భూమిలో పద్దెనిమిది అడుగులు ముందుకొచ్చామంట. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలంట," అంది అమ్మ, మిషను ఆపకుండా. "కొత్త తలుపురా. మొన్ననే కదా వార్నీషు వేయించింది. గోడ మీద రాసుకోవచ్చుగా వెధవలు."

"ఎవరొచ్చారు?"

"మీ ఆఫీసువాళ్ళే. పటం ప్రకారమేనమ్మా అన్నారు. పాత షీటు ఈమధ్యనే కంప్యూటర్లోకి ఎక్కించారు, దాన్నిబట్టే కొలిచాం అన్నారు." అప్పుడు మిషను ఆపింది. "నువ్వు చేసేది ఆ పనే కదూ? ఏం ఎక్కించావో చూసుకోలేదా?"

నా చేత్తో నేనే మీట నొక్కాను.

మర్నాడు పొద్దున్నే నలభై ఏడో షీటు తీసి కిటికీ వెలుగులో పెట్టాను. గీసినవారు అనే గడిలో బాబాయి పేరే ఉంది. సన్నగీత పక్కన ఏడెనిమిది నెలలు నిలబడ్డాక నాకు గీతలు చూడటం కొంత పట్టుబడింది. కాలువ గట్లు రెండూ తాడు లాగి కట్టినట్టు సూటిగా ఉన్నాయి. హద్దు గీత వాటి పక్కనే వెళుతూ, నూట పన్నెండో రాయి దగ్గర మొదలుపెట్టి నూట పద్దెనిమిదో రాయి దాకా మెల్లగా మా వీధి వైపు ఉబ్బింది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు సర్దుకుంది. ఆ ఉబ్బులోనే ఇరవై రెండు ఇళ్ళూ ఉన్నాయి.

ఆయన వచ్చి తాళాలు బల్ల మీద పెట్టగానే అడిగాను.

"బాబాయ్, ఇక్కడ హద్దు ఎందుకు ఉబ్బింది?"

"ఎక్కడ?"

"ఇదిగో. కాలువేమో సూటిగా పోతోంది. ఇది చూడండి, విందుకెళ్ళొచ్చిన పొట్టలా ఉంది."

ఆయన వంగి చూడలేదు. ఏ షీటు మీద ఈగ వాలినా వంగి చూసే మనిషి, నిలబడ్డచోటు నుంచే అన్నాడు, "అసలు పటంలో అట్లానే ఉండుంటుంది. మేం ఉన్నది ఎక్కించేవాళ్ళం. కల్పించేవాళ్ళం కాదు."

"అసలు పటం ఏది?"

"చెదలు పట్టింది. గుడ్డ మీదకి ఎక్కించగానే తగలబెట్టేశారు. అప్పట్లో అదే పద్ధతి."

"మరి కొలతల పుస్తకం? హద్దురాళ్ళు పాతినప్పుడు గొలుసుతో కొలిచి రాసింది?"

"నన్నేమన్నా విచారణ చేస్తున్నావా నువ్వు?" ఆయన గొంతు లేవగా వినడం అదే మొదటిసారి. "మీట నొక్కేవాడివి మీట నొక్కు."

నేను ఇంజనీరు మేడం గదికి వెళ్ళాను. వచ్చి ఏడాది కూడా కాని మనిషి. బల్ల మీద ఫైళ్ళు గోడలా పేర్చుకుని వాటి సందులోంచి మాట్లాడుతుంది. అంతా విని, షీటు చూసి, పెన్ను మూత కొరికింది.

"నువ్వన్నట్టు అనుమానంగానే ఉంది. కానీ నీ అనుమానం, నా అనుమానం, మీ నాన్న రాయించుకున్న కాగితం, ఏవీ చెల్లవయ్యా. షీటే సాక్ష్యం. గీసినాయన తప్పని ఒప్పుకుని, కొలతలు చూపించి, దిద్ది సంతకం పెడితే నేను పక్కన సంతకం పెడతాను. ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ముప్పై ఒకటో తారీఖు అయిదు గంటలు దాటాక ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"ఆయన తప్పు లేదంటున్నారండీ."

"ఆరువందల పన్నెండు షీట్లలో తప్పు లేని మనిషి. లేదంటే లేదనే రాసుకోవాలి నేను," అంది. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు.

ఆ రోజు నుంచి ఒకే గదిలో ఇద్దరం కాలుగాలిన పిల్లుల్లా తిరిగాం. ఆయన బీరువాల మధ్య ఇటు నుంచి అటు నడిచేవాడు. నేను అటు నుంచి ఇటు నడిచేవాణ్ణి. మధ్యలో ఎదురుపడితే ఇద్దరం ఫ్యాను వైపు చూసేవాళ్ళం. ఆయన సొరుగు తీసి, ఏమీ తియ్యకుండా మూసేవాడు. వేసిన తాళమే మళ్ళీ వేసేవాడు. అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూత పెట్టేవాడు. పద్నాలుగు రోజులు మిగిలాయి, పదమూడు, పన్నెండు. ఇంట్లో అమ్మ రోజూ ఒకటే ప్రశ్న అడిగేది, నేను రోజూ ఒకటే జవాబు చెప్పేవాణ్ణి. "చూస్తున్నాను."

చూడటం వల్ల కానిది ఇంకో రకంగా అవుతుందని తొమ్మిది రోజులు మిగిలుండగా నాకు తోచింది. భోజనాల వేళ. గది ఖాళీ. కంప్యూటరులో నలభై ఏడు తెరిచాను. స్కాను చేసిన గీతని కొస పట్టుకుని లాగే వీలుంది. నూట పదిహేనో రాయి దగ్గర పట్టుకుని కాలువ వైపు లాగాను. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇరవై రెండు ఇళ్ళు ఒక్క వేలితో బయటికొచ్చాయి. దాచమంటారా అని అడుగుతోంది మిషను.

"ఎంత జరిపావు?"

నా వెనకే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

ఎలాగూ దొరికిపోయాను. మొండిగా అన్నాను, "ఇరవై అడుగులు."

"ఇరవై కాదు. నూట పదిహేనో రాయి దగ్గర పంతొమ్మిదిన్నర. పన్నెండు దగ్గర ఆరు. పద్దెనిమిది దగ్గర నాలుగున్నర."

నేను కుర్చీ తిప్పి ఆయన్ని చూశాను. అంకెలు నోటికి రావాలంటే అవి ఎన్నేళ్ళు నోట్లో నానాలి? ఆయన బల్ల అంచు పట్టుకుని, నా ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"ఈ గుడ్డకి ప్రాణముందిరా," అన్నాడు. "తేమ తగిలితే పెరుగుతుంది. ఎండ తగిలితే ముడుచుకుంటుంది. అందుకే నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పేవాడు. పొద్దున ఎత్తుకున్న గీత సాయంత్రానికి దించెయ్యి, సగం గీత వదిలేసి ఇంటికెళ్ళకు. తెల్లారేసరికి గుడ్డ మారిపోయి నీ గీత నిన్నే గుర్తుపట్టదు అనేవాడు."

"మీరు వదిలేశారా?"

"వదిలేశా."

"ఎందుకు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "సినిమాకి."

నాకు నవ్వు రాలేదు.

"మీ పిన్ని మ్యాట్నీకి హాలు దగ్గర నిలబడి ఉంటానంది. అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఆలస్యమైతే వెళ్ళిపోతుందని భయం. కాలువ గట్లు రెండూ పూర్తిచేశా. హద్దు సగంలో ఉంది. రేపు చూద్దాంలే అని పెన్ను కడిగేశా. ఆ సాయంత్రం పట్టుకుంది వాన. నాలుగు రోజులు ఆఫీసు లేదు. అయిదో రోజు వచ్చి మిగతా సగం అటు చివర నుంచి గీసుకుంటూ వస్తే, రెండు కొసలూ కలవలేదు. గుడ్డ పెరిగింది. అంగుళంలో పదహారో వంతు తేడా. గుడ్డ మీద నూలువాసి, నేల మీద ఇరవై అడుగులు."

"కొత్త గుడ్డ మీద మళ్ళీ గీయాల్సింది."

"పన్నెండు రోజుల పని. ఎందుకని అడుగుతారు. చేరి ఏడు నెలలే అయింది. వంపుబద్ద ఆనించి, రెండు కొసల్నీ మెల్లగా, దూరం నుంచి తీసుకొచ్చి కలిపేశా." ఆయన చూపుడువేలు గాల్లో ఆ వంపు తిరిగింది. "ఎంత అందంగా కలిపానంటే, పెద్దాయన సరిచూసి, అందర్నీ పిలిచి, వీడి గీత చూడండ్రా, ఎంత సన్నంగా పోయిందో అన్నాడు. ఆ రోజే పెట్టారు నాకా పేరు. నాకు తెలియదనుకుంటారు వీళ్ళు."

ఫ్యాను పళ్ళు నూరుతోంది.

"ఆ తర్వాత ఒక్క తప్పు చెయ్యలేదు. భయంతో చెయ్యలేదు. సగం గీత ఎప్పుడూ వదల్లేదు. జ్వరమొచ్చినా వదల్లేదు. నా బిడ్డ పుట్టి పోయిన రోజు కూడా గీత దించే ఇంటికెళ్ళా."

అప్పుడు జాలిపడి ఉండాల్సింది. నేను పడలేదు. "అయితే దిద్దండి బాబాయ్," అన్నాను.

"తొమ్మిది రోజులుంది. మర్యాదగా వెళ్ళిపోనీరా."

"మరి మా అమ్మ ఎక్కడికి వెళ్ళాలి?"

"నాకేముందిరా చెప్పు. అద్దె ఇల్లు. చదువు లేదు. పిల్లల్లేరు. ఆ మూడో గడి ఖాళీగా ఉండటం తప్ప నాకంటూ ఏముంది?"

"ఇరవై రెండు ఇళ్ళు కూల్చి దాన్ని ఖాళీగా ఉంచుకోండి," అన్నాను. ఆయన ముఖం ఎండిన గుడ్డలా ముడుచుకుపోయింది. నాకు తృప్తిగా అనిపించింది, అది కూడా రాసుకోవాలి. మౌసు మీద చెయ్యి వేశాను. మిషను ఇంకా అడుగుతూనే ఉంది, దాచమంటారా?

"వద్దు," అన్నాడాయన. "నువ్వూ అదే చేస్తే రేపు నీకూ ఒక పేరు పెడతారు. దాంతో ముప్పై అయిదేళ్ళు బతకడం నీ వల్ల కాదు. నువ్వు నాకంటే కోపిష్టివి."

వద్దు అనే మీట నొక్కాను. ఉబ్బు తన చోటుకి తాను వెళ్ళిపోయింది. అది నా మంచితనమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయన చూస్తుండగా నొక్కలేకపోయాను, అంతే.

ఆదివారం నేను ఇంట్లో లేని వేళ ఎవరో ముసలాయన వచ్చాడని అమ్మ చెప్పింది. "గట్టు మీద నించి మన గోడ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడ్రా. దాహమేస్తోందేమో అని మంచినీళ్ళిచ్చా. తాగి, తలుపు మీద రంగు గోటితో గీకి చూశాడు. పోతుందంటారా అని అడిగా. గోటితో పోదమ్మా, బ్లేడు కావాలి అని వెళ్ళిపోయాడు. చొక్కా వేసిన వెదురుబద్దలా ఉన్నాడు."

మర్నాడు ఆఫీసులో ఆయన ఎప్పట్లానే వేసిన తాళమే మళ్ళీ వేశాడు. అయిదు రోజులు, నాలుగు, మూడు.

ముప్పై ఒకటిన మూడు గంటలకి పెద్ద హాల్లో వీడ్కోలు సభ. టీ, బిస్కెట్లు, ఒక గోడగడియారం. పిన్ని ముందు వరసలో కూర్చుంది. పొట్టిగా, గుండ్రంగా, ఆయనకి పూర్తిగా ఎదురు. పెద్ద గుమస్తా రాసిచ్చిన కాగితాన్ని ఇంజనీరు మేడం చదివింది. ఆరువందల పన్నెండు షీట్లు, ఒక్క దిద్దుబాటు లేదు అనే చోట ఆమె ఒకసారి నా వైపు చూసింది. చప్పట్లు మోగాయి. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన లేచి మైకు పట్టుకున్నాడు.

"నమస్కారం," అని కూర్చున్నాడు.

అణకువ అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు. నేను ఇంక అక్కడ ఉండలేకపోయాను. బూతులు పళ్ళ మధ్య నలుపుకుంటూ రికార్డు రూముకొచ్చి స్కానరు తీగలు పీకడం మొదలుపెట్టాను. రేపటి నుంచి ఈ గదిలో అడుగు పెట్టకూడదనుకున్నాను.

నాలుగూ ఇరవైకి తలుపు తోసుకుని ఆయన వచ్చాడు, చంకలో గోడగడియారంతో. వెనకే పిన్ని.

"నలభై ఏడు తియ్యి," అన్నాడు.

ఆ గదిలో సొరుగు తియ్యమని ఆయన ఎవరికైనా చెప్పడం నేను వినలేదు. నేను తీసేలోపు ఆయన తన బల్ల సొరుగు లాగాడు. అన్నం డబ్బా కింద పరిచిన పాత పేపర్లు ఎత్తి, వాటి కింద నుంచి అట్ట ఊడిన చిన్న పుస్తకం తీశాడు. కొలతల పుస్తకం. ముప్పై అయిదేళ్ళూ దాని మీదే రోజూ భోజనం డబ్బా పెట్టుకున్నాడు. పారెయ్యలేదు, ఎవరికీ చూపించలేదు.

"ఏం చేస్తున్నారండీ?" అంది పిన్ని. "అవతల అందరూ మీ కోసం చూస్తుంటేను."

"కాసేపు కూర్చో. ఒరేయ్, మేడంని పిలువు."

నేను పరుగెత్తాను. మేడం చేతిలో టీ కప్పుతోనే వచ్చింది. ఆయన పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. కాలువ నడిమధ్య నుంచి ఒక్కో హద్దురాయి ఎంత దూరమో గొలుసుతో కొలిచి రాసిన పేజీ.

"చదవండమ్మా."

"నూట పన్నెండు, అరవై ఆరు. నూట పదమూడు, అరవై ఆరు. నూట పద్నాలుగు..." ఆమె ఆగి మిగతావి కళ్ళతో చదివింది. "అన్నీ అరవై ఆరే."

"ఒక గొలుసు పొడవు. ఎక్కడా ఉబ్బు లేదు. ఉబ్బు నాది."

మేడం కప్పు కింద పెట్టింది. ఆయన జేబులోంచి కొత్త బ్లేడు తీశాడు. గుడ్డ మీద సిరాని రబ్బరుతో చెరపలేరు, బ్లేడుతో పొరలా గీకాలి. ఎక్కువ గీకితే గుడ్డ చిరుగుతుంది, తక్కువ గీకితే గీత ఉంటుంది. ఆయన నూట పన్నెండు దగ్గర మొదలుపెట్టాడు. నల్లటి పొడి లేస్తుంటే నోటితో ఊదకుండా, ఎప్పటిదో ఒక మెత్తటి కుంచెతో పక్కకి తోశాడు. గీకినచోట సుద్దపొడి రుద్ది నున్న చేశాడు. గోడగడియారానికి బ్యాటరీ వెయ్యలేదు. నేను నా ఫోనులో టైము చూస్తున్నాను. నాలుగూ ముప్పై ఎనిమిది.

పెన్నులో సిరా నింపి రూళ్ళబద్ద ఆనించాక అసలు సంగతి బయటపడింది. ఆయన చెయ్యి వణుకుతోంది. పెన్ను గుడ్డ దాకా దింపి, ఎత్తేశాడు. మళ్ళీ దింపి, మళ్ళీ ఎత్తేశాడు.

"నేను పట్టుకోనా బాబాయ్?"

"గీసినవాడే దిద్దాలి," అన్నాడు, తలెత్తకుండా.

పిన్నికి ఏదో తప్పు జరిగిందని అర్థమైంది గానీ ఏమిటో తెలియలేదు. "ఎప్పటిదండీ ఇది?" అని అడిగింది.

"మనం సినిమాకెళ్ళిన రోజుది. వాన రోజు. గీత సగంలో వదిలేసి వచ్చా."

పిన్ని కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆ సినిమాకా! బాగోలేదని సగంలో లేచొచ్చేశాం కదండీ!"

"ఆ."

"అక్కడా సగమే, ఇక్కడా సగమేనా! అప్పుడే చెప్పుంటే తిరిగి పంపించేదాన్ని కదా, నాలుగున్నరకే ఆఫీసులో ఉండేవారు!"

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబాయి భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో వెనక నుంచి తెలియలేదు. ఆ కదలిక ఆగాక ఊపిరి మెల్లగా వదులుతూ, ఆ ఒక్క ఊపిరిలో పెన్ను నడిపించాడు. నూట పన్నెండు నుంచి నూట పద్దెనిమిది దాకా. గీత లావుగా వచ్చింది. నూట పదహారు దగ్గర కొంచెం వణికింది కూడా. ఆయన జీవితంలో గీసిన అన్నిటికంటే వికారమైన గీత అదే అయ్యుంటుంది. ఉండాల్సిన చోట మాత్రం ఉంది.

మూడో గడిలో తారీఖు వేసి సంతకం పెట్టాడు. మేడం పక్కన పెట్టింది. నాలుగూ యాభై రెండు. తాళాలగుత్తి బల్ల మీద పెట్టి, "పద," అన్నాడు పిన్నితో. గోడగడియారం మర్చిపోయాడు.

తర్వాత జరిగినవి కథల్లోలా లేవు. ముప్పై అయిదేళ్ళు తప్పు ఎందుకు దాచావో సంజాయిషీ ఇవ్వమని శాఖ ఆయన ఇంటికి కాగితం పంపింది. వీడ్కోలు నాడు చప్పట్లు కొట్టినవాళ్ళే ఆయన్ని ఇప్పుడు లావుగీత అంటున్నారు. కొత్త గీతతో నేను షీటు మళ్ళీ స్కాను చేస్తే, గీకినచోట పాత ఉబ్బు తాలూకు మరక బూడిదరంగులో లీలగా కనబడింది. మరకలు తుడిచే మీట మిషనులో ఉంది. నేను నొక్కలేదు.

ఇరవై రెండు ఇళ్ళకీ నోటీసు ఎత్తేశారు. కానీ కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, సరైన హద్దు పట్టుకుని మళ్ళీ కొలిస్తే, మా నాన్న చివరి రోజుల్లో గట్టు వైపు నాలుగడుగులు జరిపి కట్టిన స్నానాలగది నిజంగానే కాలువ భూమిలో ఉందని తేలింది. దాన్ని ఒక పొద్దుటిపూటలో కూల్చేశారు. అమ్మ ఆ ఇటుకల మధ్య నిలబడి, పటాలు గీసినవాళ్ళనీ, దిద్దినవాళ్ళనీ, స్కాను చేసినవాళ్ళనీ వరసగా తిట్టింది.

ఆ మర్నాడు నేను పళ్ళు తోముకుంటుంటే వీధివైపు గర్ గర్‌మని చప్పుడు. వెళ్ళి చూస్తే ముక్కాలిపీట వేసుకుని మా తలుపు ముందు బాబాయి కూర్చున్నాడు. చేతిలో బ్లేడు. ఎర్ర సున్నాని అంచు నుంచి పొరలా గీకుతున్నాడు. వార్నీషు మీద గాటు పడటం లేదు.

"మీరేనా ఆ రోజు మంచినీళ్ళు తాగి వెళ్ళింది?" అంది అమ్మ. "మీరేనా ఆ గీత?"

"నేనేనమ్మా."

"స్నానాలగది పోయింది మీ నిజంతో. ఇప్పుడు ఈ వయసులో నేను తడికెల వెనక పోసుకోవాలా నీళ్ళు?"

"అరవై ఆరు అడుగులు దాటి కట్టారమ్మా," అన్నాడు, గీకడం ఆపకుండా.

"దాటితే దాటాం! ముప్పై అయిదేళ్ళు ఊరుకున్నవారు ఇంకో పదేళ్ళు ఊరుకోలేకపోయారూ?"

సున్నా పోయింది, తొమ్మిది మీదకి వచ్చాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఊపిరి వదులుతూ గీకుతున్నాడు. అమ్మ తిడుతూనే లోపలికెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, పీట పక్కన ఠప్పున పెట్టింది. ఆయన తాగి, తలుపు మీద అరచేత్తో ఒకసారి తడిమి చూసుకుని, పీట ఎత్తుకుని పదో నంబరు తలుపు దగ్గరికి నడిచాడు.